ఆరు కన్నాలు

సొంత బండికి సొంత చేత్తో
కన్నం వేసుకోవడానికి
మూడు వారాలు వెనకాడాను.

కొత్త బండేం కాదు.
పదకొండు చలికాలాల ఉప్పు తిన్నది,
రోడ్డు మీద చల్లే ఉప్పు ఒక పక్క,
సుయెట్ గాలి కొండ దిగి వచ్చి
సముద్రాన్ని లేపి కొట్టే ఉప్పు ఇంకో పక్క.
ఉప్పు తిన్న ఇనుముకి
విశ్వాసం ఉండదు.

మే మొదటి వారంలో లాబ్‌స్టర్ బోనులు దించాలి.
తెల్లవారుజాము మూడున్నరకి, షెటికాంప్ రేవులో,
టార్చి పళ్ళ మధ్య కరచుకుని
తాళ్ళ చిక్కులు తియ్యడం ఇక నావల్ల కాదు.
పోయినేడు తమ్ముణ్ణి తిట్టడానికి నోరు తెరిచి
టార్చిని నీళ్ళపాలు చేశాను.
అందుకని, తొట్టికి దీపాలు.

టేపు అంటించి, గుర్తు పెట్టి,
పంచ్ మీద సుత్తితో ఒక్కటిచ్చానో లేదో
ఒరేల్ ముసలాయన దిగాడు, చల్లారిన టీతో.
నలభై ఏళ్ళు పడవలకి రంగులేసిన మనిషి.
ఎవరూ పిలవరు. ఇనుము చప్పుడైతే చాలు,
పెళ్ళి బాజా విన్నవాడిలా వచ్చేస్తాడు.

డ్రిల్లు కొరికింది.
రంగు పోయింది, కింది పూత పోయింది,
తళుక్కుమని ఉక్కు బయటపడింది.
పుట్టాక ఎవరూ చూడని ఒళ్ళు.
నాకెందుకో సిగ్గేసి చూపు తిప్పుకున్నాను.
ఒరేల్ తిప్పుకోలేదు.
"ఇదిగో లియోనీ, ఇక్కణ్ణుంచే మొదలు" అని
తన పాత బండి కథ మళ్ళీ ఎత్తుకున్నాడు:

పనిముట్ల పెట్టెకి బిగించిన ఒక్క మర.
మూడో ఏటికి పావలా అంత మరక,
ఐదో ఏటికి పళ్ళెమంత.
ఏడో ఏట ఒక బస్తా బంగాళదుంపలు
ఆ కంతలోంచి దారి పొడుగునా
ఒక్కొక్కటే దిగిపోయాయి.
ఇంటికి చేరింది ఖాళీ గోనె,
దాని వెనక, దుంపలు ఏరుకుంటూ
బడి పిల్లలు.

నవ్వాను. నవ్వుతూనే ఆకురాయి అందుకున్నాను.

వేలు తిప్పితే గీసుకోనంతవరకు అంచులు రుద్దాను.
పదునంచు మీద రంగు నిలవదట, పల్చబడి జారిపోతుందట.
ఇనుప రజను తొట్టి నిండా రాలింది.
ఒక్కో పలుకూ ఒక్కో తుప్పు విత్తనం;
రాత్రి పొగమంచు తాగితే చాలు,
తెల్లారేసరికి నారింజ మొలకలు.
వాక్యూమ్ పెట్టాను.
అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి
పేలు దువ్వినట్టు దువ్వాను.
స్పిరిట్‌తో తుడిచాను. మళ్ళీ తుడవమన్నాడు.

మా చిన్నదాని నీళ్ళరంగుల పెట్టెలోంచి
దొంగిలించిన సన్న కుంచెతో
కంటికి కాటుక దిద్దినట్టు
కన్నం చుట్టూ, లోపలి పెదవికీ, ప్రైమరు.
బయట నాలుగు డిగ్రీలు. పూత ఆరనంది.
హెయిర్ డ్రయర్ తెచ్చి
ఒక్కో కన్నంలోకీ వెచ్చటి ఊపిరి ఊదుతుంటే
దారిన పోతున్న జెర్మేన్ ఆగింది,
చూసింది,
ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

రెండో పూత. దాని మీద నీలం.
షాపువాడిచ్చిన నీలం బండి నీలం కాదు;
తనదే నీలమో బండికీ గుర్తులేదు.

రబ్బరు ఉంగరాలు తొడిగాను. వైరు దూర్చాను,
కిందికి ఒక వంపు తిప్పి మరీ:
నీటిబొట్టు వంపు దాకా వచ్చి అక్కడే రాలాలి,
కన్నం గడప తొక్కకూడదు.
చుట్టూ సిలికాన్.
అడుగున మైనం కొట్టాలన్నాడు,
వెల్లకిలా పడుకుని కొట్టాను,
సగం నా కళ్ళద్దాలకే పట్టింది.
అవి మాత్రం ఇక జన్మలో తుప్పు పట్టవు.

ఆరు కన్నాలు, రెండు సాయంత్రాలు.

స్విచ్ నొక్కాను.
తెల్లటి వెలుగు తొట్టి అంచుల దాకా నిండింది.
పోయినేటి చేప పొలుసు.
జత తప్పిన చేతి తొడుగు.
తమ్ముడు కాజేశాడని ఏడాదంతా నేను అనుమానించిన
పది నంబరు స్పానరు.
ఇంకా, వెనక తలుపు కీలు పక్కన,
వెంట్రుకంత సన్నగా, చుట్ట తిరిగి, మెరుస్తూ
ఒక్క పలుకు.

ఒరేల్ కూడా చూశాడు. ఈసారి ఏమీ అనలేదు.
టీ కప్పు పక్కన పెట్టి,
వేలు నాలిక మీద తడిచేసుకుని,
వంగి, దాన్ని అద్దుకుని
కోటు జేబులో వేసుకున్నాడు.

జేబుకి పట్టే తుప్పు సంగతి
వాళ్ళావిడ చూసుకుంటుంది.